కారిన పెట్రోలు ట్యాంకు కింద నేల: ఎక్కడ తవ్వాలి, ఏం కొలవాలి, ఎలా శుభ్రం చేయాలి

లీటరు పెట్రోలు సుమారు 750 గ్రాములు తూగుతుంది. అందులో బరువు లెక్కన ఒక శాతం బెంజీన్ ఉందనుకుంటే 7.5 గ్రాములు. తాగునీటిలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంటే ఆ ఒక్క లీటరులోని బెంజీన్ అంతా నీళ్లలో కలిస్తే 7,50,000 లీటర్ల నీళ్లు ఆ హద్దుకు చేరతాయి. రోజుకు కొంచెం చొప్పున ఏళ్ల తరబడి కారిన ట్యాంకు దగ్గర ఎంత శ్రద్ధగా పనిచేయాలో ఈ లెక్కను బట్టే తెలుస్తుంది.

ఇక్కడ చెప్పేది భూమిలో పాతిన పెట్రోలు, డీజిల్ ట్యాంకుల గురించి. డ్రై క్లీనింగ్‌కు వాడే ద్రావకాలు, లోహాలు ఉన్నచోట పద్ధతి ఎక్కడ మారుతుందో ఆ సందర్భం వచ్చినప్పుడు చెబుతాం. శుభ్రం చేసే దశలో దెబ్బతిన్న పనుల్లో చాలావాటికి అసలు తప్పు అంతకు ముందే జరిగి ఉంటుంది. బోర్లు ఎక్కడ వేయాలి, ఎంత లోతు పోవాలి, ఏ సీసాలో ఏం నింపాలి అని తేల్చుకున్న రోజునే అది జరిగిపోతుంది. అందుకే పరిశోధనకు ఎక్కువ చోటు ఇచ్చాం.

రిగ్గు రాకముందు

మొదటి వారం పనికి పార అక్కర్లేదు. స్థలం పాత పటాలు, విమానం నుంచి తీసిన పాత ఫొటోలు, ట్యాంకులు పాతినప్పటి డ్రాయింగులు, ఇంధనం నిల్వ లెక్కలు, ట్యాంకుకు, పైపులకు చేసిన బిగుతు పరీక్షల నివేదికలు తెప్పించుకోండి. నిల్వ లెక్కల్లో వచ్చిన సరుకు, అమ్మిన సరుకు, కొలకర్రతో చూసిన మట్టం మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కొన్నాళ్లు ఎక్కువగా, కొన్నాళ్లు తక్కువగా వస్తుంటే అది కొలతలోనో ఎండ వేడిమివల్లనో వచ్చే ఊగిసలాట. నెలల తరబడి తరుగే కనిపిస్తుంటే కారుతోందని అనుమానించాలి. అక్కడ పనిచేసి వెళ్లిపోయిన వాళ్లతో తప్పకుండా మాట్లాడండి. ఏ కాగితంలోనూ లేని పాత ట్యాంకు, ఎప్పుడో పూడ్చేసిన గుంట సంగతి వాళ్ల నోటే బయటపడుతుంది.

ట్యాంకు ఒక్కదాన్నే అనుమానిస్తే పొరపాటు. పైపుల అతుకులు, పంపు కింది గుంట, ట్యాంకులో ఇంధనం పోసే మూతి చుట్టూ ఉన్న మట్టి కూడా అంతే ముఖ్యం. ట్యాంకు చుట్టూ పోసిన ఇసుకో గులకో తొట్టిలా పనిచేస్తుంది. కారింది ముందు అందులో నిండి, నిండాక ఎక్కడ పల్లముంటే అటు పొంగుతుంది. దగ్గర్లో మురుగు పైపు ఉంటే దాని కింద పరిచిన ఇసుక గుండా, సహజమైన నీటివాలుతో సంబంధం లేకుండా చాలా దూరం పోవచ్చు.

ఆ స్థలంలో ఇంధనం ఏ ఏళ్లలో అమ్మారో తెలిస్తే ఏ పరీక్షలు అడగాలో తెలుస్తుంది. బెంజీన్, టోలూయీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్లు ఎలాగూ ఉంటాయి. వీటిని కలిపి బీటెక్స్ అంటారు. సీసం కలిపిన పెట్రోలు కాలం నాటి స్థలమైతే సీసంతోపాటు ఇథిలీన్ డైబ్రోమైడ్, 1,2-డైక్లోరోఈథేన్ కూడా వెతకాలి. ఇంజన్లో సీసం పేరుకోకుండా వీటిని కలిపేవాళ్లు. ఇథిలీన్ డైబ్రోమైడ్‌కు అమెరికా తాగునీటి హద్దు లీటరుకు 0.05 మైక్రోగ్రాములు మాత్రమే. మామూలు ఆవిరి పదార్థాల పరీక్ష అంత కిందికి చూడలేదు కనుక ప్రత్యేక పద్ధతి అడగాలి. ఆక్టేన్ పెంచడానికి ఎంటీబీఈ అనే రసాయనం కలిపిన పెట్రోలైతే కథ మరీ వేరు. బెంజీన్ లీటరు నీటిలో సుమారు 1,800 మిల్లీగ్రాముల వరకే కరుగుతుంది. ఎంటీబీఈ దానికి ఇరవై రెట్ల కన్నా ఎక్కువ కరుగుతుంది, మట్టికి అంటుకోదు, సూక్ష్మజీవులకు తేలిగ్గా లొంగదు. బెంజీన్ ఆగిపోయిన చోటు దాటి కూడా అది కనిపిస్తుంది.

ఇవన్నీ తెలిశాక ఒక కాగితం మీద అడ్డుకోత బొమ్మ గీయండి. కారిన చోటు, మట్టి పొరలు, నీటిమట్టం, కాలుష్యం పోయే దారులు, చివర దాని బారిన పడేవాళ్లు, అంటే తాగునీటి బావి, పక్క భవనం నేలమాళిగ, వాగు. మూలం, దారి, బాధితుడు అనే మూడు లంకెల్లో ఏది ఇంకా ఊహగానే ఉందో అక్కడ ప్రశ్నార్థకం పెట్టండి. ప్రతి బోరూ ఆ ప్రశ్నార్థకాల్లో ఒకదాన్ని చెరిపేయాలి. ఏ ప్రశ్నకూ జవాబివ్వని బోరును జాబితాలోంచి కొట్టేయండి.

బోర్లు ఎక్కడ, ఎంత లోతు

మూలం తెలిసిన చోట బోర్లను దాని చుట్టూ దగ్గరగా వేసి, నీరు వాలే వైపు దూరం పెంచుతూ పోవాలి. మూలం ఎక్కడో తెలియని ఖాళీ స్థలంలోనైతే గళ్లు గీసి, గడి గడికీ వేయాలి. గడుల మధ్య దూరం ఎంత ఉండాలన్నదానికి ఒక లెక్క ఉంది. చదరపు గళ్లలో, గుండ్రటి కాలుష్యపు మచ్చను 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే మచ్చ వ్యాసం గడి దూరానికి 1.18 రెట్లు ఉండాలి. 10 మీటర్ల గళ్లు వేస్తే 11.8 మీటర్ల మచ్చ దొరుకుతుంది. 5 మీటర్ల మచ్చ తప్పించుకుపోయే అవకాశమే ఎక్కువ. స్థలం యజమానికి ఈ సంగతి ముందే రాసి ఇవ్వండి. 'ఏమీ దొరకలేదు' అన్న మాటకు అర్థం గడి దూరాన్ని బట్టే ఉంటుంది.

రిగ్గు దించే ముందు భూమిలోని కేబుళ్లు, పైపులు గుర్తించే పరికరంతో స్థలమంతా తడిమి, రంగుతో గుర్తులు పెట్టండి. ఆ తర్వాత కూడా మొదటి 1.5 మీటర్లు చేతితోనే తవ్వాలి. ప్లాస్టిక్ పైపులు లోహ శోధకాలకు దొరకవు. పెట్రోలు ఆవిరి గాలిలో 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు అంటుకుంటుంది. బోరు నోటి దగ్గర పేలుడు హద్దును కొలిచే మీటరు ఎప్పుడూ నడుస్తుండాలి. కింది హద్దులో పదో వంతు చూపగానే పని ఆపండి. గుంటలోకి మనిషి దిగాలంటే ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు. గోడలకు దన్ను లేని లోతైన గుంటలో 'ఒక్క నిమిషం' అని కూడా ఎవరినీ దించొద్దు.

లోతు విషయానికొస్తే, పెట్రోలు నీటికన్నా తేలిక కనుక నీటిమట్టం దగ్గర పరుచుకుంటుంది. కానీ నీటిమట్టం ఏడాది పొడుగునా ఒకేచోట ఉండదు. ఎండాకాలంలో దిగిన నీటితో పెట్రోలూ దిగి, వానాకాలంలో నీరు లేచాక మట్టి రంధ్రాల్లో చిక్కుకుని కిందే ఉండిపోతుంది. ఈ పూత పట్టిన మండలం రెండు మీటర్ల మందం కూడా ఉండొచ్చు. బోరు ఆనాటి నీటిమట్టం దగ్గరే ఆపితే అసలు సరుకు కిందే మిగిలిపోతుంది. కాబట్టి అతి తక్కువ నీటిమట్టం కన్నా కనీసం మీటరు కిందికి పోండి.

ట్రైక్లోరోఎథిలీన్, పెర్క్లోరోఎథిలీన్ లాంటి ద్రావకాలు ఇందుకు పూర్తిగా ఎదురు. వాటి సాంద్రత 1.46, 1.62. నీటిలో మునిగి, బంకమన్ను పొర తగిలేదాకా దిగి, దాని మీద పల్లం వైపు జారతాయి. అలాంటి చోట బంకమన్ను పొరను ఆలోచించకుండా పొడిచారంటే పైన నిలిచిన ద్రావకానికి మీరే కింది నీటిలోకి దారి వేసినట్టు. పొర తాకగానే ఆగాలి. ఇంకా లోతు పోక తప్పకపోతే, ముందు పెద్ద కేసింగ్ దించి బంకమన్నులో సిమెంటుతో బిగించి, అది గట్టిపడ్డాక లోపలి నుంచి చిన్న సైజుతో పోవాలి.

మట్టి నమూనా

బోరు నుంచి మట్టి బయటకు రాగానే పొర, తడి, రంగు, లోతు రాయండి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడొద్దు. ఆ పనికి పీఐడీ ఉంది. అతినీలలోహిత కాంతితో ఆవిరి అణువులను అయాన్లుగా మార్చి లెక్కించే మీటరిది. మామూలుగా వాడేది 10.6 ఎలక్ట్రాన్‌వోల్టుల దీపం. బెంజీన్ అయానీకరణ శక్తి 9.24 కాబట్టి దొరుకుతుంది. మీథేన్‌ది 12.6కి పైన ఉంటుంది, దానికి ఈ మీటరు గుడ్డిది. ప్రతి ఉదయం 100 పీపీఎం ఐసోబ్యూటిలీన్ వాయువుతో సరిచూసి రీడింగు రాసుకోండి. మట్టిని సంచిలో సగం దాకా నింపి, మూతి బిగించి, గడ్డలు చిదిపి, పది నిమిషాలు నీడలో ఉంచి, సంచికి చిన్న కన్నం చేసి వచ్చే గరిష్ఠ రీడింగు తీసుకోవాలి. ఒక సంచి ఎండలో, ఒకటి నీడలో పెడితే ఆ రెండు అంకెలనూ పోల్చలేం. తేమ ఎక్కువైతే రీడింగు తప్పుతుంది. పీఐడీ అంకె ల్యాబ్ ఫలితానికి బదులు కాదు, ఏ లోతు మట్టిని ల్యాబ్‌కు పంపాలో చెప్పడానికే.

ల్యాబ్‌కు పంపే మట్టిని సంచిలోంచి తీయకూడదు. కోర్, అంటే బోరులోంచి గొట్టంతో తీసిన మట్టి కడ్డీ, తెరిచిన వెంటనే, తాకని చోట నుంచి, మొన కోసేసిన ప్లాస్టిక్ సిరంజి లాంటి పనిముట్టుతో 5 గ్రాములు పొడిచి తీసి, ముందే తూచి మిథనాల్ పోసి ఉంచిన 40 మిల్లీలీటర్ల గాజు సీసాలోకి నెట్టి, సీసా అంచున ఉన్న మట్టి తుడిచి మూత బిగించండి. అంచున ఒక్క ఇసుక రేణువున్నా మూత సరిగా కూర్చోదు. దీనికి ఒక నిమిషం కన్నా ఎక్కువ పట్టకూడదు. ఇలా పెట్టిన సీసాకు 14 రోజుల గడువు. మిథనాల్ లేకుండా గాలి చొరని గొట్టంలో పంపితే 48 గంటల్లో ల్యాబ్ దాన్ని సీసాలోకి మార్చాలి. వెనకటిలా జాడీలో మట్టి కూరి పంపితే బెంజీన్‌లో చాలా భాగం దారిలోనే ఎగిరిపోతుంది, ఫలితం 'శుభ్రం' అని వస్తుంది. నాలుగైదు చోట్ల మట్టి కలిపి ఒకే నమూనాగా పంపడం లోహాలకు చెల్లుతుందిగానీ ఆవిరయ్యే వాటికి ఎప్పటికీ పనికిరాదు. కలపడంలోనే ఆవిరి పోతుంది.

బావి కట్టడం

పరిశీలక బావికి 50 మిల్లీమీటర్ల పీవీసీ పైపు చాలు. అయితే మరలున్న పైపులే వాడాలి. పీవీసీ అంటించే జిగురులో టెట్రాహైడ్రోఫ్యూరాన్ వంటి ద్రావకాలుంటాయి, అవి తర్వాత నెలలపాటు మీ ఫలితాల్లో కనిపిస్తాయి. బోరు వ్యాసం పైపు కన్నా కనీసం 100 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి, అప్పుడే చుట్టూ ఇసుక సమంగా దిగుతుంది.

పైపు అడుగున సన్నటి చీలికలున్న భాగాన్ని స్క్రీన్ అంటారు. పెట్రోలు ఉన్నచోట 3 మీటర్ల స్క్రీన్ వేసి, నీటిమట్టం దాని మధ్యలో పడేలా, వానాకాలపు మట్టం కూడా స్క్రీన్ లోపలే ఉండేలా చూడండి. స్క్రీన్ మొత్తం నీళ్లలో మునిగితే తేలే పెట్రోలు బావిలోకి రాదు. బావి బాగుందని, నేల శుభ్రంగా ఉందని నమ్మి మోసపోతారు. మేం చూసినంతలో ఇంతగా జరిగే తప్పు ఇంకోటి లేదు. చీలిక వెడల్పు 0.25 మిల్లీమీటర్లు సన్నటి ఇసుక నేలకు సరిపోతుంది. చుట్టూ కడిగిన క్వార్ట్జ్ ఇసుకను స్క్రీన్ పైకి 60 సెంటీమీటర్ల దాకా పోసి, దాని మీద మరో 60 సెంటీమీటర్లు బెంటోనైట్ (తడిస్తే ఉబ్బే బంకమన్ను) ముక్కలు వేసి, నీళ్లు పోసి ఉబ్బనివ్వాలి. ఆ పైన నేల దాకా సిమెంటు, బెంటోనైట్ కలిపిన గ్రౌటును కింది నుంచి గొట్టంతో నింపుకుంటూ రావాలి. పైనుంచి పోస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి, వాన నీరు పైపు వెంట నేరుగా కిందికి దిగుతుంది.

కట్టిన బావిని దుమ్ము పోయేదాకా పిస్టన్‌లాంటి గుత్తితో పైకీ కిందికీ లాగి, తోడి, నీరు తేటపడేదాకా నడపాలి. నీటి మడ్డి 10 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే ప్రమాణం) లోపలికి వస్తే మేలు. ఆ తర్వాత ఒకటి రెండు వారాలు వదిలేస్తేగానీ నేల తన అసలు స్థితికి రాదు.

నీరు ఎటు పోతోంది

మూడు బావులుంటే నీటి దిశ తెలుస్తుంది. అయితే అవి ఒకే గీతలో ఉండకూడదు. పైపు అంచున ఒక గుర్తు చెక్కి, సర్వే చేసి, దాని ఎత్తును మిల్లీమీటర్లలో పట్టుకోండి. మట్టం కొలతలన్నీ ఆ గుర్తు నుంచే, ఒకే రోజు తీయాలి. ఉదాహరణకు ఒకటో బావిలో నీటి ఎత్తు 98.60, రెండో బావిలో 98.40, మూడో బావిలో 98.20 మీటర్లు. ఒకటో, మూడో బావుల మధ్య గీతపై 98.40 ఉండే చోటు సరిగ్గా నడుమ పడుతుంది. ఆ చోటును రెండో బావితో కలిపితే 98.40 సమోన్నత రేఖ వస్తుంది. ఆ రేఖకు లంబంగా మూడో బావి వైపు నీరు పోతోంది. మూడో బావి నుంచి ఆ రేఖకు లంబదూరం 16 మీటర్లయితే వాలు 0.20ని 16తో భాగిస్తే వచ్చే 0.0125.

1856లో హెన్రీ డార్సీ ప్రచురించిన సూత్రం ప్రకారం, నీటి వేగం రావాలంటే నేల వాహకతను వాలుతో గుణించి, నీరు పారే రంధ్రాల వాటాతో భాగించాలి. వాహకత రోజుకు 2 మీటర్లు, రంధ్రాలు 0.25 అయితే రోజుకు 0.1 మీటరు, ఏడాదికి 36 మీటర్ల పైచిలుకు. బెంజీన్ మట్టిలోని సేంద్రియ పదార్థానికి కొంత అంటుకుంటూ పోతుంది కనుక, సేంద్రియ కార్బన్ 0.1 శాతం ఉన్న ఇసుకలో సుమారు 1.4 రెట్లు నెమ్మదిస్తుంది, ఏడాదికి 26 మీటర్లు. కారి ఎన్నేళ్లయిందో తెలిస్తే, కిందివైపు చివరి బావి ఎంత దూరంలో ఉండాలో ఇక్కడే తేలిపోతుంది.

బావిలో పెట్రోలు తేలుతుంటే కొలతను సరిచేయాలి. చమురు, నీటి హద్దును విడిగా పట్టే ప్రోబ్‌తో కొలిచి, చమురు మందాన్ని దాని సాపేక్ష సాంద్రతతో గుణించి నీటి ఎత్తుకు కలపండి. 0.40 మీటర్ల పెట్రోలుకు 0.30 మీటర్లు కలపాలి. బావిలో కనిపించే మందం చుట్టుపక్కల నేలలో ఉన్న మందం కాదు. చాలాసార్లు ఎక్కువే కనిపిస్తుంది. ఆ అంకెను స్థలం విస్తీర్ణంతో గుణించి 'ఇన్ని వేల లీటర్లు ఉన్నాయి' అని చెప్పేవాళ్లను నమ్మకండి.

నీటి నమూనా

తొందరగా తోడితే మడ్డి లేస్తుంది, ఆవిరి పోతుంది. నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల లోపు, బావిలో నీటిమట్టం 10 సెంటీమీటర్ల కన్నా దిగకుండా నెమ్మదిగా తోడుతూ, 3 నుంచి 5 నిమిషాలకోసారి రీడింగులు రాయండి. వరసగా మూడుసార్లు పీహెచ్ 0.1 లోపల, విద్యుత్ వాహకత 3 శాతం లోపల, రెడాక్స్ (నీటి ఆక్సీకరణ స్థితి) 10 మిల్లీవోల్టుల లోపల, కరిగిన ఆక్సిజన్, మడ్డి 10 శాతం లోపల నిలిస్తే అది నేలలోంచి వచ్చిన నీరని అర్థం. అప్పుడు సీసా పట్టాలి. పాత పద్ధతిలో బావి నిలవ నీటికి మూడు రెట్లు తోడేవాళ్లు. 50 మిల్లీమీటర్ల పైపుకు ఆ నిలవ మీటరుకు 2 లీటర్లు.

శుభ్రంగా ఉన్న బావి ముందు, మురికి బావి చివర. బావి బావికీ చేతి తొడుగులు మార్చాలి. జనరేటరు పొగ బావి మీదికి రాకుండా, గాలి బావి నుంచి పోయే వైపున దూరంగా ఉండాలి. దాని పెట్రోలు ముట్టుకున్న చేతితో సీసా ముట్టుకోకూడదు.

బీటెక్స్‌కు 40 మిల్లీలీటర్ల సీసాలు మూడు, ముందే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసినవి కావాలి. నీరు సీసా గోడ వెంట మెల్లగా దిగాలి, అంచుపై ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి మూత వేయాలి. పొంగించారంటే ఆమ్లం కొట్టుకుపోతుంది. తలకిందులు చేసి వేలితో తట్టి చూడండి, బుడగ కనబడితే ఆ సీసా పక్కన పెట్టి కొత్తది నింపండి. సున్నపురాయి కరిగిన నీళ్లు ఆమ్లంతో కలిస్తే బుసబుసమంటూ బుడగలు పుడతాయి. అలాంటి చోట ఆమ్లం లేని సీసా వాడి, 14 రోజులకు బదులు 7 రోజుల్లో పరీక్ష చేయించాలి. సీసాలు ఐసు పెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉండాలి, గడ్డ కట్టకూడదు.

కరిగిన లోహాలకు బావి దగ్గరే 0.45 మైక్రాన్ల వడపోత పట్టి, ఆ తర్వాతే నత్రికామ్లం కలపాలి. వరస తారుమారు చేసి ముందు ఆమ్లం పోస్తే మడ్డికి అంటిన సీసమంతా కరిగి నీటిలో కలుస్తుంది, లేని కాలుష్యం పుడుతుంది.

ప్రతి పదో నమూనాకు ఒక జంట నమూనా తీసి వేరే పేరుతో పంపండి. రెండు అంకెల తేడాను వాటి సగటుతో భాగిస్తే నీటికి 30 శాతం, మట్టికి 50 శాతం లోపల ఉండాలి. మట్టిలో ఇంకాస్త ఎక్కువొచ్చినా నేల స్వభావమే అలాంటిది కావచ్చు. ఐసు పెట్టెకొకటి చొప్పున ల్యాబ్ నింపి ఇచ్చిన స్వచ్ఛమైన నీటి సీసా, తెరవకుండా, మీతోనే వెళ్లి మీతోనే తిరిగి రావాలి. దానిలో బెంజీన్ కనబడితే దారిలోనే ఏదో కలిసింది. కడిగిన పరికరం మీదుగా పోసిన స్వచ్ఛ నీటిని రోజుకొకటి చొప్పున పంపితే కడగడం సరిగా జరిగిందో లేదో తెలుస్తుంది. సీసాలు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఏ గంటకు మారాయో సంతకాలతో రాసిన కాగితం పెట్టెతోనే వెళ్లాలి.

ఫలితాలు చదివేటప్పుడు

ముందు చూడాల్సింది అంకె కాదు, ల్యాబ్ ఎంత కిందికి చూడగలిగిందన్నది. హద్దు 10 ఉన్నప్పుడు '50 కన్నా తక్కువ' అన్న ఫలితం శుభ్రతకు సాక్ష్యం కాదు. టోలూయీన్ విపరీతంగా ఉన్న నమూనాను ల్యాబ్ పలుచన చేస్తుంది, దానితో బెంజీన్ గుర్తింపు హద్దు కూడా పైకి పోతుంది. తక్కువ పలుచనతో మళ్లీ నడపమని అడగండి.

మరో చిక్కు సహజంగా ఉన్నవాటితో వస్తుంది. ఆర్సెనిక్, క్రోమియం, ఫ్లోరైడ్ నేలలోనే ఉండొచ్చు. నీరు వచ్చే ఎగువ వైపు బావి లేకుండా ఏ లోహాన్నీ స్థలం యజమాని నెత్తిన రుద్దకూడదు. అంతే ముఖ్యంగా, ఒక్క విడత నమూనాతో తీర్మానం చేయొద్దు. నీరు నిండుగా ఉన్నప్పుడు, అట్టడుగున ఉన్నప్పుడు రెండూ చూడాలి.

శుభ్రం చేయడం

మొదట కారే చోటు ఆపాలి. రెండోది, తేలే పెట్రోలును తీయాలి. ఈ రెండూ కాకుండా కింది నీటిని శుద్ధి చేయడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

లోతు తక్కువ, మేర చిన్నది అయితే తవ్వి తీసేయడమే సూటి దారి. 12 మీటర్ల పొడవు, 8 వెడల్పు, 4 లోతు గుంటలో పై 2 మీటర్లు శుభ్రమని నమూనాలు చెప్పాయనుకోండి. ఆ 192 ఘనపు మీటర్లు విడిగా కుప్ప పోసి తిరిగి పూడ్చడానికి వాడుకోవచ్చు. కింది 192 ఘనపు మీటర్లు తవ్వితే వదులై సుమారు 240 అవుతుంది. లారీల లెక్క దీనితో వేయాలి. బరువు లెక్క మాత్రం తవ్వకముందు పరిమాణంతో, ఘనపు మీటరుకు 1.8 టన్నుల చొప్పున, 346 టన్నులు. గోడలు కూలకుండా ఏటవాలుగా కోయాలంటే ఇంకా పెరుగుతుంది. కుప్పల కింద, పైన ప్లాస్టిక్ పరదా తప్పనిసరి. గుంట అడుగున, నాలుగు గోడల్లో నమూనాలు తీసి ఫలితం వచ్చేదాకా పూడ్చకండి. గోడ నమూనాను అడుగుకు దగ్గరగా, రంగు మారిన పొరలోంచి తీయాలి. శుభ్రంగా కనిపించే చోటు ఎంచుకుంటే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

నీటిమట్టం పైన ఇసుక నేలలో పెట్రోలు ఉంటే బ్లోయరు పెట్టి నేలలోంచి ఆవిరిని లాగడం బాగా పనిచేస్తుంది. బంకమన్నులో పనిచేయదు. డీజిల్ అంతగా ఆవిరి కాదు, దానికి గాలి మెల్లగా పంపి సూక్ష్మజీవులకు అప్పగించడం నయం. లాగుడు 10 కిలోపాస్కల్స్ ఉంటే బావి కింద నీరు మీటరు లేస్తుంది. స్క్రీన్ నీటికి దగ్గరగా పెడితే గాలికి బదులు నీరు వస్తుంది. పైన నేల తెరిచి ఉంటే గాలి దగ్గరి దారిన వచ్చేసి దూరపు మట్టిని తాకదు, పరదా పరచాలి. బయటికొచ్చే గాలిని రెండు బొగ్గు పీపాల గుండా వరసగా పంపి, రెండింటి నడుమ పీఐడీతో చూస్తుంటే మొదటిది నిండిన సంగతి తెలుస్తుంది. పేలుడు తట్టుకునే మోటారు కాకుండా ఇంకేదీ వాడొద్దు.

సూక్ష్మజీవులు బెంజీన్‌ను తినగలవు, వాటికి కావలసింది ఆక్సిజన్. ఒక గ్రాము బెంజీన్‌కు 3.1 గ్రాముల ఆక్సిజన్ చొప్పున, 100 కిలోలకు 310 కిలోలు. గాలితో నిండిన నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది కాబట్టి నీటితో అందించాలంటే 34,000 ఘనపు మీటర్ల పైన కావాలి. అదే గాలితో అయితే 1,150 ఘనపు మీటర్ల లోపే సరిపోతుంది. గాలి ఊదే బావులు వేయడానికి ఇదే కారణం. అయితే పేలుడు హద్దు దాటిన ఆవిరి ఉన్నచోట, నేలమాళిగ పక్కన, ఆవిరిని లాగే ఏర్పాటు లేకుండా గాలి ఊదకూడదు. ఆవిరి ఇంట్లోకి పోతుంది.

రసాయనాలతో కాల్చే పద్ధతిలో మందు ఎంపికలోనే డబ్బు నీళ్లపాలవుతుంది. పర్మాంగనేట్ ట్రైక్లోరోఎథిలీన్‌ను బాగా విరగ్గొడుతుంది, బెంజీన్‌ను మాత్రం పెద్దగా తాకదు. బెంజీన్‌కు పర్సల్ఫేట్ కావాలి, దాన్ని క్షారంతోనో ఇనుముతోనో రగల్చాలి. ఏ మందైనా ముందు మట్టిలోని సేంద్రియ పదార్థాన్నే తింటుంది. స్థలం మట్టి మీద ల్యాబ్‌లో ఆ ఖర్చు కొలవకుండా మోతాదు నిర్ణయించకండి. క్రోమియం ఉన్న నేలలో ఇవి దాన్ని విషపూరితమైన ఆరో స్థితికి మార్చగలవు, అదీ ముందే చూడాలి.

ద్రావకాల స్థలంలో సూక్ష్మజీవులకు ఆక్సిజన్ కాదు, ఆక్సిజన్ లేని నీరూ తిండీ కావాలి. పెర్క్లోరోఎథిలీన్ ఒక్కో క్లోరిన్ వదులుకుంటూ ట్రైక్లోరోఎథిలీన్, డైక్లోరోఎథిలీన్, వినైల్ క్లోరైడ్ మీదుగా ఎథిలీన్ అవుతుంది. మధ్యలో ఆగిపోతే, మొదలుపెట్టినదాని కన్నా విషపూరితమైన వినైల్ క్లోరైడ్ మిగులుతుంది. డీహలోకోకాయిడీస్ అనే జీవి నీటిలో ఉందో లేదో చూడకుండా తిండి పోయడం మొదలుపెట్టొద్దు.

మూలం తీసేశాక మిగిలిన పలుచటి కాలుష్యాన్ని నేలకే వదిలేయడం కూడా ఒక పద్ధతే, అయితే కొలుస్తూ వదలాలి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం బెమిడ్జి దగ్గర 1979లో చమురు పైపు పగిలిన చోటును దశాబ్దాలుగా కొలుస్తూనే ఉన్నారు. సూక్ష్మజీవులే ప్లూమ్‌ను, అంటే నీటి వెంట సాగే కాలుష్యపు పాయను, చాలామేరకు నిలువరించగలవని అక్కడ తెలిసింది. మీ స్థలంలోనూ అదే జరుగుతోందనడానికి బెంజీన్ తగ్గడం ఒక్కటే చాలదు. ప్లూమ్ నడుమ ఆక్సిజన్, నైట్రేట్, సల్ఫేట్ తరిగి, కరిగిన ఇనుము, మీథేన్ పెరిగి ఉండాలి.

ఆపాక ఏం చేయాలి

యంత్రం ఆపిన రోజు నమూనా తీసి విజయం ప్రకటించకండి. బంకమన్ను పొరల్లో దాక్కున్న బెంజీన్ మెల్లగా మళ్లీ నీటిలోకి వస్తుంది. ఆపిన తర్వాత కనీసం నాలుగు త్రైమాసికాలు, నీటిమట్టం నిండుగా, అట్టడుగుగా ఉన్న కాలాలు రెండూ పడేలా కొలవండి. అంకె మళ్లీ లేస్తే మొత్తం వ్యవస్థను కాదు, ఏ బావి దగ్గర లేచిందో ఆ చోటు మట్టిని మళ్లీ చూడండి. నాలుగుసార్లూ హద్దు లోపలే ఉంటే, ఇక అక్కర్లేని ప్రతి బావినీ అడుగు నుంచి పై దాకా గొట్టంతో గ్రౌటు నింపి మూసేయాలి. పైపు తల మీద మూత పెట్టి వదిలేసిన బావి, ఆ తర్వాత పైన ఎవరు ఏం ఒలకబోసినా దాన్ని నేరుగా కింది నీటికి చేరుస్తుంది.